పద్నాలుగో ఎత్తు

"పొరపాటున పోగొట్టుకున్నదాన్ని, గెలిచాక, కావాలనే ఇచ్చానని చెప్పుకోవచ్చా మాస్టారూ?"

ఈ మాట పెదవి దాటడానికి దమయంతికి నాలుగు రోజులు పట్టింది. పలాసలో గ్రంథాలయం మేడమీద చదరంగం నేర్పే భానోజీ మాస్టారిది ఒక పద్ధతి. ఆడిన ప్రతి ఆటనూ శిష్యులు ఎత్తు తరవాత ఎత్తుగా నోటుపుస్తకంలో రాసుకోవాలి. మంచి ఎత్తు పక్కన ఆశ్చర్యార్థకం, తప్పుటెత్తు పక్కన ప్రశ్నార్థకం ఎవరికి వారే పెట్టుకోవాలి. ఆయన చూస్తారు, దిద్దరు. దమయంతి పుస్తకంలో జిల్లా ఎంపిక పోటీ ఆట గుర్తులతో సహా ఉంది. పద్నాలుగో ఎత్తు పక్కన మాత్రం ఏమీ లేదు.

ఆ ఎత్తులో ఆమె బంటును రెండు గళ్ళు ముందుకు తోసింది. పక్కనే కాచుకున్న ఎదుటివాడి బంటు, అది ఒక్క గడే నడిచిందన్నట్టు, దాన్ని కొట్టి అవతల పడేసింది. ఇదెక్కడి అన్యాయమని దమయంతి చెయ్యెత్తింది. పోటీ నడిపే పెద్దమనిషి వచ్చి, రెండు గళ్ళు దూకిన బంటును పక్కబంటు వెంటనే అలా కొట్టవచ్చని నిబంధన చదివి వినిపించాడు. చుట్టుపక్కల బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమెకు ఆట నేర్పింది అప్ప ఈశ్వరి, మూడేళ్ళు పెద్దది. గచ్చు మీద సుద్దతో గీసిన గళ్ళు, చింతపిక్కల బంట్లు. ఆ ఇంటి ఆటలో బంటు ఒక్కో గడే నడుస్తుంది, కాబట్టి ఇలాంటి దెబ్బ ఉండదు. మాస్టారి దగ్గర చేరిన కొత్తలో ఆయన ఈ నిబంధన చెప్పబోతే, అందరి ముందూ నామోషీ అనిపించి, తెలుసండీ అనేసింది. ఆ ఒక్క మాటకు బంటు పోయింది.

దమయంతి చాలాసేపు ఆ ఖాళీ గడినే చూసింది. చూడగా చూడగా ఇంకో ఖాళీ కనిపించింది. కొట్టడానికి పక్కకు జరిగిన బంటు, అంతదాకా తన రాజుకు అడ్డంగా నిలబడ్డ నిలువు వరుసను వదిలేసి వచ్చింది. దమయంతి తన ఏనుగును తెచ్చి ఆ వరుస మొదట్లో నిలబెట్టింది. ఎదుటివాడు గెలుచుకున్న బంటు మీది మోజుతో దాన్నే మరో అడుగు నడిపించాడు. ఈలోగా రెండో ఏనుగూ, దాని వెనక మంత్రీ వచ్చాయి. ఇరవై ఆరో ఎత్తుకి అతను ఓటమి ఒప్పుకుని, చెయ్యి చాపి లేచిపోయాడు. బంటును ఎరవేసి రాజును పట్టిందని మర్నాడు పేపర్లో రాశారు. దమయంతి కాదనలేదు.

ఆ గెలుపుతో విజయవాడలో మూడు నెలల శిక్షణ శిబిరానికి పిలుపొచ్చింది. తండ్రి కిడ్నీలు పాడై మంచాన పడ్డప్పుడే ఈశ్వరిని బడి మాన్పించి జీడిపప్పు ఫ్యాక్టరీలో పెట్టారు. ఈ ఏడు సాయంత్రం క్లాసులకి వెళ్ళి టెన్త్ రాయాలని ఆమె పుస్తకాలు తెచ్చుకుంది. దమయంతి వెళ్తే, ఫ్యాక్టరీలో తను చేసే పూట పని కూడా ఈశ్వరి చెయ్యాలి, ఇక క్లాసులకి వేళ ఉండదు. పుస్తకాలు అటకెక్కాయి. పెద్దది చెల్లెలి కోసం త్యాగం చేసిందని తల్లి వీధంతా చెప్పుకుంటోంది. ఈశ్వరిని ఎవరూ అడగలేదు. ఈశ్వరీ ఏమీ అనలేదు. గుర్తు సంగతి చెబుతూ చెబుతూ దమయంతి ఇది కూడా చెప్పేసి, తలొంచుకుంది.

మాస్టారు బల్ల మీద ఆనాటి ఆటను పద్నాలుగో ఎత్తు దాకా పేర్చి, పోయిన బంటును పక్కన పెట్టారు. అంతలో చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి ఈశ్వరి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. వానకు చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. జీడి జిగురుకు వేళ్ళ కొసలు నల్లగా కమిలి ఉన్నాయి. ఆయన ఆమెను దగ్గరికి పిలిచి, ఆ నిబంధన విడమరిచి చెప్పి, ఈ బంటు ఎలా పోయిందో చెప్పమన్నారు.

ఈశ్వరి వంగి చూసి నవ్వింది. "మా ఆటలో ఇది నేదు కదా మాస్టారూ. దీనికి తెల్దు, పోనాది. దీని మొకానికి ఎర కూడానా."

"పోబట్టే గెలిచిందిగా మరి?"

ఈశ్వరి బంటును తీసి, నల్లటి వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది.

"గెలిసింది మా చెల్లి. బంటుకేటి తెలుసు పాపం," అంది. దాన్ని బల్ల మీద కాక పెట్టెలో వేసి, వాన పెద్దదవుతోంది, కింద గొడుగు పట్టుకుని ఉంటాను, బేగి రమ్మని చెల్లెలితో చెప్పి వెళ్ళింది.

దమయంతి పెన్ను తీసి పద్నాలుగో ఎత్తు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పెట్టాక కూడా పుస్తకం మూయలేదు. శిబిరానికి తను వెళ్ళాలో మానాలో ఆ గుర్తు చెప్పలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు మాస్టారూ?"

మాస్టారు మిగిలిన పావుల్ని ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతూ తలుపు వైపు చెవి ఒగ్గారు.

"మీ అప్ప ఇంకా మెట్ల మీదే ఉందమ్మా," అన్నారు. "చెప్పుల చప్పుడు వినపడుతోంది."