చూడకుండానే గూడు కొన్న సుబేదారు

అనగనగా ఒక అడవి. అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక ఈత చెట్టు. ఆ ఈత చెట్టు మీద, అడవి మొత్తానికీ తానే తెలివైనవాడిననుకునే ఒక గిజిగాడు ఉండేవాడు. పేరు గరికయ్య.

ఎందుకర్రా అప్పుడే నవ్వుతున్నారు? అవును, మీ నాన్న పేరే. ఆ గిజిగాణ్ణి నేనే. ఇంకెవరి మీదో పెట్టి చెబుదామని చాలా ఆలోచించాను. కానీ ఈ కథకి సరిపోయే వెర్రివాడు నాకంటే మంచివాడు దొరకలేదు.

సరే, కుదురుగా కూర్చుని వినండి.

మన గిజిగాళ్ళలో గూడు కట్టేది మగవాడు. మెచ్చాల్సింది ఆడది. మెచ్చడమంటే ఊరికే చూసి తల ఊపడం కాదు. గూటి కింద వేలాడుతుంది. ముక్కుతో పోగు పోగూ లాగుతుంది. లోపలికి దూరి కాళ్ళతో తన్ని చూస్తుంది. అన్నిటికీ తట్టుకుంటే ఉంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. మా తాతల కాలం నుంచీ లాగి చూడకుండా గూడు పుచ్చుకున్న పిట్ట ఒక్కటి కూడా లేదు.

ఆ ఏడు నేను రెండు గూళ్ళు కట్టాను. మొదటిదాన్ని మీ అమ్మ నూకాలు లాగి చూసి, "గుమ్మం వంకరగా ఉందయ్యా," అంది. రెండోది నచ్చి అందులో కాపురం పెట్టింది. మొదటి గూడు ఖాళీగా మిగిలిపోయింది. దాన్ని అమ్ముదామని ముగ్గురికి చూపించాను. మొదటి ఆవిడ లాగి, "పట్టు లేదు," అంది. రెండో ఆవిడ తన్ని, "గట్టిదనం లేదు," అంది. మూడో ఆవిడ లాగనూ లేదు, తన్ననూ లేదు. అల్లంత దూరం నుంచే, "గుమ్మం వంకర కదూ?" అని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒడ్డున పనితనం విలువ తెలిసినవాళ్ళు లేరనుకున్నాను. గుమ్మం వంకరగా ఉందేమోనని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. తిన్నగా గోరింకల దగ్గరికి వెళ్ళాను.

అడవిలో ఏది అమ్మాలన్నా గోరింకలతో చెబితే చాలు. ఒక గోరింక కూస్తే పక్క చెట్టు గోరింక అందుకుంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కబురు అడవి ఆ చివరికి చేరిపోతుంది. కొనేవాడి మాటా అలాగే తిరిగి వస్తుంది. అమ్మేవాడికి కొనేవాడి మొహం కనిపించదు. చెప్పింది చెప్పినట్టు చెప్పడమే గోరింకల పని. చెప్పినవాడెవడో, చెప్పింది నిజమో కాదో వాటికి పట్టదు.

"వాగు ఒడ్డున కొత్త గూడు! లోపల రెండు మిణుగురుల దీపం! ధర రెండు మూటల కొర్రలు!" అని చాటించాను. గుమ్మం సంగతి చాటించలేదు. నేనూ ఏమంత అమాయకుణ్ణి కాదు చూడండి!

మర్నాడు పొద్దున్నే గోరింక వచ్చి వాలింది.

"పొలిమేర కొండ మీద కాపలా కాసే డేగల దండు సుబేదారు గారి కబురు," అంది. "మీ గూడు మాకు నచ్చింది. బేరం ఆడం. రెండు మూటలూ ఇస్తాం. కాపలా వదిలి రాలేం కనుక చూడనక్కర్లేదు. మీ మాట చాలు."

నేను ఆనందంతో కొమ్మ మీద మూడు పిల్లిమొగ్గలు వేశాను. లాగలేదు! తన్నలేదు! వంకర అనలేదు! సుబేదారంటే అలా ఉండాలి అనుకున్నాను. వెళ్ళి మీ అమ్మతో చెప్పాను. అప్పుడు ఆవిడ మూడు గుడ్ల మీద పొదుగుతూ ఉంది. ఆ మూడూ మీరే.

"డేగకి మన గూడెందుకయ్యా? ఆ గుమ్మంలో దాని కాలి గోరైనా పట్టదే!" అంది మీ అమ్మ.

"గొప్పవాళ్ళు అలంకారానికి వేలాడదీసుకుంటారు. నీకు తెలియదులే," అన్నాను.

"లాగి చూడకుండా గూడు కొనేవాడికి కావలసింది గూడు కాదు. ఇంకేదో ఉంది. జాగ్రత్తయ్యా," అంది మీ అమ్మ.

ఆ మాట ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశాను. మన పిట్టల చెవులు ఎలాగూ బయటికి కనిపించవు కదా, నా చెవులు అసలు లేవేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఆ మర్నాడు బొంతకాకి ఒకడు వచ్చాడు. పేరు కాటుకయ్య అన్నాడు. వాడూ వాడి తమ్ముళ్ళూ కలిసి ఒక పెద్ద తాటాకు బుట్ట మోసుకొచ్చారు. బుట్ట మూతికి లక్క పోసి ముద్ర వేసి ఉంది.

"గరికయ్య గారూ, చిన్న పొరపాటు జరిగిందండీ," అన్నాడు కాటుకయ్య. "దండు గుమాస్తా రెండు మూటల బదులు ఐదు మూటలు పోసి ముద్ర వేసేశాడు. దండు ముద్ర చీమల కొట్టులో తప్ప విప్పకూడదు. ఈ ఐదూ మీ పేరున కొట్టులో వేసేసుకోండి. ఎక్కువ వచ్చిన మూడు మూటలూ మీ దగ్గరున్నవి నాకిచ్చి పంపండి. మీ నిజాయితీ గురించి సుబేదారు గారు చాలా విన్నారట."

నా నిజాయితీ గురించి పొలిమేర కొండ దాకా తెలుసట! నా ఛాతీ ఎంత పొంగిందంటే, కొమ్మ మీద ఇంకొకరికి చోటు లేకుండా పోయింది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మరి అడగకుండానే మూడు మూటలు ఎక్కువ పెట్టిన ఈ మహానుభావుడు ఎవరని నేను ఆలోచించాలా, వద్దా? ఆలోచించలేదు.

బుట్టని చీమల కొట్టుకి చేర్చాం. అడవిలో అందరం గింజలు దాచుకునేది అక్కడే. గుమాస్తా చీమ బుట్ట చుట్టూ తిరిగి, గోడ మీద నా పేరు కింద ఐదు గీతలు గీసింది.

"గరికయ్యా, విను," అంది గుమాస్తా చీమ. "ఐదు మూటలని వాళ్ళు చెప్పారు కనుక ఐదు గీతలు గీశాను. ముద్ర విప్పి గింజ గింజా చూడాలంటే మాకు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఇవి గోడ మీది గీతలే. గింజలు కావు."

"సరే సరే," అన్నాను. నా కళ్ళు గీతల మీద ఉన్నాయి. అంతకుముందు అక్కడ నావి మూడున్నర మూటలు ఉండేవి. మీరు గుడ్లలోంచి బయటపడ్డాక ముసురు రోజుల్లో తినడానికని నేనూ మీ అమ్మా ఎండాకాలమంతా ఏరి దాచినవి. ఇప్పుడు మొత్తం ఎనిమిదిన్నర! మన వంశంలో అన్ని గీతలు చూసినవాడు లేడు.

"కాటుకయ్యా, మూడు రోజులు ఆగరాదూ? చీమలు విప్పి చూశాక నీ మూడూ ఇచ్చేస్తాను," అన్నాను. చూశారా, ఒక్క క్షణం తెలివి వచ్చింది నాకు. వచ్చినదారినే పోయింది.

కాటుకయ్య కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. "మా సుబేదారు గారు కోపిష్టి బాబూ. పొద్దు వాలేలోపు తీసుకెళ్ళకపోతే నా ఈకలు పీకిస్తారు. మీ మొహమైనా చూడకుండా ఐదు మూటలు పంపారాయన. ఆయనకి మీ మీద ఉన్న నమ్మకం మీకు ఆయన మీద లేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వెళ్ళి మీ అమ్మని ఒక మాట అడిగి వద్దామనుకున్నాను. అడిగితే ఏమంటుందో నాకు బాగా తెలుసు. అందుకే అడగలేదు. నా మూడున్నర మూటల్లోంచి మూడు తీయించి కాకి చేతికి ఇచ్చాను. పైగా దణ్ణం కూడా పెట్టాను.

"మరి గూడు?" అని అడిగాను.

"రేపు తీసుకెళ్తానండీ," అన్నాడు కాటుకయ్య. ఆ రేపు ఇంకా రాలేదు.

ఆ తర్వాత మూడు రోజులకి చీమల కొట్టు నుంచి పిలుపు వచ్చింది. ముద్ర విప్పిన బుట్ట నా ముందు పెట్టారు. పైన పలచగా ఊక. ఊక కింద అంతా వాగు ఇసుక. నేను రోజూ స్నానం చేసే ఇసుకే.

గుమాస్తా చీమ గోడ దగ్గరికి వెళ్ళి ఐదు గీతలూ తుడిచేసింది.

"మీరే కదా గీశారు!" అని అరిచాను.

"గీశాం. తేలేదాకా గీతలేనని కూడా చెప్పాం," అంది చీమ. "ఇంకొకటి గరికయ్యా. మూడు రోజులు నలభై మంది చీమలు ఇసుక రేణువులు ఏరారు. వాళ్ళ కూలి అర మూట."

మిగిలిన అర మూటా అలా పోయింది. మోసపోయినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. మోసపోయి, ఆ ఇసుక లెక్కపెట్టినందుకు కూలి కూడా కట్టినవాణ్ణి నేనే అయి ఉంటాను.

మీ అమ్మతో చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గుడ్ల మీద కొంచెం దగ్గరగా జరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎవరితోనూ చెప్పకు నూకాలూ. నవ్విపోతారు," అన్నాను. అప్పటికీ నా బాధ గింజల కోసం కాదు, పరువు కోసం. ఎంత ఘనుణ్ణో చూడండి.

వానలు మొదలయ్యాయి. మీరు పుట్టారు. ముసురులో పురుగులు దొరకవు. దాచిన గింజలు లేవు. పొద్దున్నించి తడిసి తిరిగితే ఇద్దరికి సరిపడా దొరికేది, ముగ్గురికి దొరికేది కాదు. ఒరే చిన్నా, నీ నోరు తెరిచి ఉండగా నా ముక్కు ఖాళీగా వచ్చిన రోజులున్నాయిరా. నువ్వు ఇవాళ్టికీ మీ అన్నయ్యల కంటే సన్నగా ఉన్నావంటే అది నా గొప్పతనమే. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఒకనాడు వాన తెరిపి ఇచ్చింది. గోరింకలు మళ్ళీ కూత మొదలుపెట్టాయి.

"పొలిమేర కొండ సుబేదారు గారి కబురు! ఉడత శేషమ్మ గారి దూది పరుపు కొంటాం! బేరం ఆడం! చూడనక్కర్లేదు!"

అవే మాటలు! శేషమ్మకి మొగుడు లేడు. నలుగురు పిల్లలు. వాళ్ళ తిండంతా చీమల కొట్టులోనే ఉంది. చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లల నోట్లో మట్టి పడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఆకుల చాటున కాసేపు కూర్చున్నాను. ఇంతలో చిన్నాగాడు ఆకలేసి అరిచాడు. ఇక అక్కడ కూర్చోలేకపోయాను.

శేషమ్మ దగ్గరికి ఎగిరి వెళ్ళాను. "అక్కా, ఆ బేరం ఒప్పుకోకు. ఎక్కువ పంపామంటారు. మిగతాది వెనక్కి ఇమ్మంటారు. వాళ్ళు పంపేది ఇసుక. నువ్విచ్చేది గింజలు," అన్నాను.

"నీకెలా తెలుసు తమ్ముడూ?"

"మూడు మూటలు ఇచ్చాను కాబట్టి తెలుసు," అన్నాను. ఆ మాట అనడానికి నాకు మూడు గుటకలు పట్టింది.

పొద వెనకనుంచి కుందేలు బయటికి వచ్చాడు. "నేను నాలుగు ఇచ్చాను," అన్నాడు తల దించుకుని. బొరియలోంచి ఏదుపంది తల బయటపెట్టింది. "నేను ఆరు," అంది. చెట్టు మీదనుంచి ముసలి కొండముచ్చు దగ్గాడు. "నేను రెండుసార్లు ఇచ్చాను," అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "మరి ముందే చెప్పి ఏడవకూడదూ? మీలో ఒక్కరు నోరు విప్పి ఉంటే నా పిల్లలు పస్తులుండేవాళ్ళు కాదు కదా!" అని అరిచాను.

"నువ్వు చెప్పావా?" అన్నాడు కుందేలు.

వాడన్నది నిజం. లేని సుబేదారు పేరు చెప్పి ఆ కాకులు బతికింది మా తెలివితక్కువతనం మీద ఒక్కటే కాదు. మా సిగ్గు మీద కూడా.

అక్కణ్ణుంచి తిన్నగా గోరింకల దగ్గరికి వెళ్ళాను. "ఇంకో కబురు చాటాలి," అన్నాను.

"ఏం అమ్ముతావు?" అన్నాయి అవి.

"ఏమీ అమ్మను. ఇలా చాటండి. వాగు ఒడ్డు గిజిగాడు గరికయ్య ఒట్టి వెర్రివాడు! ఇసుక బుట్ట తీసుకుని మూడు మూటల కొర్రలు ఇచ్చాడు! పైగా దణ్ణం పెట్టాడు! గుమ్మం కూడా వంకరే!"

అవి చెప్పింది చెప్పినట్టు చెప్పాయి. సాయంత్రానికి అడవంతా నవ్వింది. వాగులో కప్పలు సైతం నవ్వాయి. అయినా మర్నాడు కాటుకయ్య సిగ్గులేకుండా బుట్ట మోసుకుంటూ శేషమ్మ దగ్గరికి వెళ్ళి, ఎక్కువ వచ్చిన మూటలు ఇమ్మన్నాడు.

"అలాగే ఇస్తాను బాబూ. కొట్టులో చీమలు విప్పి, గింజ గింజా చూసి తేల్చాక ఇస్తాను. మూడు రోజులాగి రా," అంది శేషమ్మ.

కాటుకయ్య కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. ఈకల సంగతి చెప్పాడు. నమ్మకం సంగతి చెప్పాడు. శేషమ్మ తోక ఊపుతూ, "మూడు రోజులు," అంది. వాడు బుట్ట అక్కడే వదిలేసి ఎగిరిపోయాడు. మళ్ళీ ఈ వైపు రాలేదు. శేషమ్మ పిల్లలు ఆ వానాకాలమంతా కడుపు నిండా తిన్నారు.

ఏమిట్రా చిన్నా? ఏమన్నావు?

నన్ను నేనే వెర్రివాణ్ణని అందరికీ చెప్పుకుంటే సిగ్గుగా ఉండదా అనా? ఉంటుందిరా. ఇప్పుడు నీకు చెబుతున్నా ఉంది. కానీ శేషమ్మ చిన్న కొడుకు నీ ఈడువాడే. నిన్న వాడు కొమ్మ మీద గంతులేస్తుంటే చూశాను. బొద్దుగా ఉన్నాడు. వాణ్ణి చూసినప్పుడు మాత్రం సిగ్గుగా లేదు.

నీతి: అడిగిన ధర కంటే ఎక్కువ పంపి, మిగతాది వెనక్కి ఇమ్మని తొందరపెట్టేవాడు మీకు ఇచ్చింది ఏమీ లేదు, వచ్చిన సొమ్ము నిజంగా తేలేదాకా మీ చేతిలోది ఒక్క గింజ కూడా వదలకండి, ఒకవేళ మోసపోతే నలుగురికీ చెప్పండి.