మొక్కల మందు బిళ్ళ

బుల్లెబ్బాయిగారి హాల్లో టీవీ పక్కన ఓ గాజు తొట్టి ఉంది. అడుగున ఇసుక, ఇసుకలో నీటి మొక్కలు, వాటి మధ్య మూడు కాపురాలు. ఇసుకలో ముక్కు దూర్చుకుని బతికే బొమ్మిడాయి, దాని ఒక్కగానొక్క పిల్లది ఒకటి. రాలిన ఆకులు తినే ముసలి నత్తది ఒకటి. గాజుకి పట్టిన పాచి నాకి బతికే సక్కరు చేపది ఒకటి. పేరుకి తగ్గట్టే సక్కరు మాట చక్కెరలా ఉండేది. మనసు సంగతి ఇప్పుడు చూస్తారు.

ఆ మధ్య మొక్కల ఆకులు పాలిపోయాయి. బొమ్మిడాయి పిల్ల కూడా నీరసించి, పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. తల్లికి కంటిమీద కునుకు లేదు. చేపకి రెప్పలే లేవనుకోండి, బెంగకి రెప్పలతో పనేముంది?

ఓ ఉదయం బుల్లెబ్బాయిగారు తొట్టిలో చెయ్యి ముంచి, మొక్కల మొదళ్ళలో ఇసుక కింద ఏవో బిళ్ళలు పాతారు.

"ఏంటండీ అవి?" అంది ఆయన భార్య.

"మందు. ఇది పడితే కోలుకుంటాయి."

ఆయన పుట్టు రైతు. చేలో చల్లే ఎరువూ ఆయనకి మందే, జ్వరానికి మింగే మాత్రా మందే, పురుగుని చంపేదీ మందే. ఏది ఎవరికో విడమరిచి చెప్పే అలవాటు లేదు.

సక్కరు ఆ మాట విన్నది. ఆ బిళ్ళ వేళ్ళకి అందితే మొక్క బాగుపడుతుంది, నీళ్ళలో కరిగితే పాచి పెరుగుతుంది. దుకాణం తొట్టిలో ఉన్నప్పుడే అది చూసి పెట్టుకుంది.

"వదినా, విన్నావా? మందట. కోలుకుంటాయట."

"మొక్కలకి కదా, మరిదీ?"

"మొక్కకి నోరుందా, బిళ్ళ మింగడానికి? ఇసుక తవ్వేది ఈ తొట్టిలో నువ్వొక్కదానివే. అందుకే ఇసుకలో పెట్టాడు. నీ పిల్లకి కాక ఇంకెవరికి?"

నత్త మెల్లగా పాకుతూ వచ్చింది. "అమ్మాయ్, తవ్వకు. అది మొక్క తిండి. ఆకు పాలిపోబట్టే నీళ్ళలో ఊపిరి చాలడం లేదు. నీ పిల్లకి రోగమేం లేదు. ఆకు పచ్చబడితే వాడే లేచి ఆడుకుంటాడు."

"ఎప్పటికి బాబాయ్?"

"మొక్క కదమ్మా. ఎప్పుడని చెప్పను?"

సక్కరు నవ్వింది. "ఆకులు తిని బతికేవాడు ఆకుల తరఫున కాక నీ బిడ్డ తరఫున మాట్లాడతాడా, వదినా?"

ఆ మాట తల్లి గుండెకి తగిలింది. నిజం చెప్పేవాడికీ పొట్ట ఉంటుంది. ఆ పొట్టని చూపించి వాడి నోరు మూయించడం సక్కరులాంటి వాళ్ళకి చిటికెలో పని. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

బొమ్మిడాయి తవ్వింది. వేళ్ళు తెగాయి. బిళ్ళలు చిట్లి నీళ్ళంతా బురదయింది. "మింగు నాన్నా, మింగు," అంటూ పిల్లని ఆ బురదలోకి తోసింది. పిల్ల మింగింది, కక్కింది, మళ్ళీ మింగింది. తెల్లారేసరికి మొక్కలు ఊడి పైకి తేలాయి. పిల్ల కూడా వాటి పక్కనే తేలింది.

బుల్లెబ్బాయిగారు దాన్ని వలతో తీసి కిటికీలోంచి అవతల పారేశారు.

వారం తిరక్కుండా గాజంతా పాచి పట్టింది. సక్కరు పొట్ట ఉబ్బింది.

"నా పిల్లకేనన్నావు కదరా!" అంది బొమ్మిడాయి.

"నేను తవ్వానా, వదినా?" అంది సక్కరు, గాజుకి అతికించిన నోరు పూర్తిగా తియ్యకుండానే.

బుల్లెబ్బాయిగారు తొట్టి చూసి తల కొట్టుకున్నారు. "ఈ బొమ్మిడాయి ఇసుకంతా తవ్వి మొక్కల్ని నాశనం చేసింది. పాపం ఆ సక్కరొక్కటే పొద్దస్తమానం తుడుస్తోంది. దానికి తోడుగా ఇంకోటి తేవాలి."

బొమ్మిడాయిని వలతో పట్టి గిన్నెలో వేశారు. నత్త గాజు దాకా పాకి వచ్చింది. వంటింట్లో ఆయన భార్య చింతపండు నానబెట్టింది.

నీతి: సలహా చెప్పే ప్రతివాడికీ పొట్ట ఉంటుంది, ఎవరి పొట్ట నిండితే మన ఇల్లు ఖాళీ అవుతుందో అది చూసుకోవాలి.