మాణిక్యం కాలు పెట్టని వాడ

ఊఁ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో నిద్రపోతే నా తప్పు కాదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మామూలు ఊరు కాదు, సముద్రం పక్కన పెద్ద పట్నంలో, ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దావిడ మాణిక్యం, చిన్నావిడ తాయారు. ఇంట్లో పేరంటం అంటే చాలు, అత్తగారు కుంకుమ భరిణె మాణిక్యం చేతికిచ్చి పిలుపులకి పంపేది. మాణిక్యం సందు సందూ తిరిగి, గడప గడపకీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలిచి వచ్చేది.

అందుకని పట్నమంతా మాణిక్యాన్ని ఎరుగుదురు. తాయారుకి మాత్రం పేరే లేదు. తాంబూలం పుచ్చుకునే ప్రతి ఆవిడా, "నువ్వు మాణిక్యం తోడికోడలివి కదూ" అనేది. తాయారుకి కడుపు మండిపోయేది. మండదా మరి?

ఒక శ్రావణమాసంలో, ఈసారి పిలుపులకి నేనే వెళ్తానని తాయారు పట్టుబట్టింది. అక్క కాలు పెట్టని వాడ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పట్టుకోవాలి, అక్కడ అందరూ తనని తాయారూ అని పిలవాలి. అదీ దాని పంతం. ఎవరినీ తోడు తీసుకోలేదు, ఎవరినీ దారి అడగలేదు. కాలువ గట్టు పట్టుకుని నడిచింది.

ముందు అద్దకం వాళ్ళ వీధి వచ్చింది. తాళ్ళ మీద ఎర్ర బట్టలు, నీలం బట్టలు ఆరేసి ఉన్నాయి. బట్ట మీద అచ్చులు వేస్తున్న ముసలాయన తలెత్తి చూసి, ఇది మాణిక్యమ్మ గారింటి భరిణె కదమ్మా అని మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ తాయారుకి గొంతు దిగలేదు.

అప్పుడు భరిణె కొంగు చాటున దాచుకుని ముందుకి నడిచింది. ఆ తర్వాత వలలల్లే వాడ వచ్చింది. ఏ ఇల్లమ్మా మీది అన్నారు అక్కడివాళ్ళు. ఇంటి గుర్తు చెప్పిందో లేదో, ఆడవాళ్ళంతా చుట్టూ మూగి మాణిక్యమ్మ ఎలా ఉంది, ఎందుకు రాలేదు అని ఒకటే ప్రశ్నలు. తాయారుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎండకి కాదు సుమా.

ఆ తర్వాత చింతతోపు దాటి కుడికి తిరిగితే, పట్నం చివర, ఉప్పు పండించే వాళ్ళ వాడ. అక్కడ మాణిక్యం పేరే ఎవరూ వినలేదు. తాయారు నమ్మలేక మూడిళ్ళల్లో అడిగింది. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి, ముక్కుకి బేసరి ఉంటుంది, అని ఆనవాలు కూడా చెప్పింది. చివరికి ఓ ముసలమ్మ, ఆవిడెవరో గాని నీకు ఆవిడంటే ఎంత ప్రాణమే తల్లీ అని, ఇంతకీ నీ పేరేమిటని అడిగింది. తాయారు చేటంత మొహం చేసుకుని పేరు చెప్పి, వాడంతా బొట్లు పెట్టింది.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది. మాణిక్యం మొహం చిన్నబోయింది. నేనూ చూస్తాను, దారి చెప్పవే అంది. ఉన్న ఒక్క వాడా అక్క చేతిలో పెట్టాలా? చింతతోపు దాటి ఎడమకి తిరగమంది తాయారు. చూశావా, కుళ్ళు ఎంత పని చేయిస్తుందో. నువ్వేం నవ్వకు, నిన్న తమ్ముడి లడ్డు ఎవరు దాచారో నాకు తెలుసు.

మర్నాడు మాణిక్యం బయల్దేరింది. అన్నాల వేళ దాటినా రాలేదు. తాయారు మొదట లోపల్లోపల నవ్వుకుంది. తర్వాత రెండుసార్లు వీధి గుమ్మంలోకి వెళ్ళి చూసింది. సాయంత్రానికి గాని మాణిక్యం రాలేదు. కాళ్ళనిండా దుమ్ము, చంకలో కొత్త బుట్ట.

"నువ్వు చెప్పిన వాడ దొరకలేదే తాయారూ," అంది. "బుట్టలల్లే వాళ్ళ వాడ తగిలింది. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఎవరమ్మా నువ్వు అన్నారు. తాయారు తోడికోడలిని అని చెప్పాను. ఈ బుట్ట నీకిమ్మన్నారు."

తాయారు గబగబా లోపలికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి అక్క కాళ్ళు కడిగింది.

"కుడికి తిరగాలక్కా," అంది, తలెత్తకుండా.

కథ కంచికి, కుళ్ళు కంచెకి, మనం మంచానికి.