పసుపు పూసిన గుర్రం

రాజుగారికి ప్రాణమైన గుర్రానికి మెడ మీద బొచ్చు ఊడిపోయింది. "కారణమైన చేతిని నరికిస్తాను" అన్నాడు రాజు.

గుర్రాలశాల ఓబన్న వెంట్రుకలు పాయలు తీసి చూశాడు. గజ్జి లేదు, పేలు లేవు, సన్నని గీతలున్నాయి. అక్కడ రోజూ నిమిరేదెవరో అతనికి తెలుసు. పేరు చెబితే తన తలే పోతుంది.

"పొద్దుటికి దొంగ దొరుకుతాడు ప్రభూ" అని ఆ మచ్చకు తడి పసుపు పట్టించాడు.

తెల్లారి రాజు అలవాటుగా గుర్రం మెడ నిమిరి, "ఏడీ దొంగ?" అని చెయ్యి చాచాడు. ఉంగరాలన్నిటికీ పసుపే. రాజు మొహం పాలిపోయింది.

"చేతిది తప్పు కాదు ప్రభూ, అది ముద్దు చేసింది. గీరినవి ఉంగరాలు. శిక్ష వాటికే వేయండి" అన్నాడు ఓబన్న.

రాజు ఉంగరాలన్నీ ఊడదీశాడు. గుర్రం తనంతట తానే ఆ బోసి చేతి కిందికి మెడ తెచ్చింది.