ఏడో బుర్ర

అనగనగా, ఏనుగులు కూడా దారి తప్పేంత దట్టమైన ఒక అడవిలో, ఒక ఆట ఉండేది. దాని పేరు అంచెలాట. ఏడాదికి ఒక్కసారే ఆడేవాళ్ళు, వానలు వెనకపట్టాక. కొండ అదే కొండ, బండలు అవే బండలు. కానీ ఏటా దారి కొత్తది, గెంతులు కొత్తవి, పండ్లు కొత్తవి. నేను చెప్పబోయేది పద్దెనిమిదో ఆట సంగతి. కాస్త కుదురుగా కూచోండర్రా. ఇది నవ్వుకునే కథ కాదు.

ఆట ఎలాగంటారా? కొండ కింద మొదలుపెట్టాలి. బండ మీంచి బండ మీదికి దూకుతూ మూడు అంచెలు దాటాలి. కొండ కొన మీద ఒక వెదురుగడ పాతి ఉంటుంది. దాన్ని ముందు ముట్టుకున్నవాళ్ళు గెలిచినట్టు. అంచె అంచెకూ తీగలకు ఎండిన సొరబుర్రలు వేలాడుతుంటాయి. ఎగిరి నెత్తితో ఒక్కటిచ్చుకుంటే బుర్ర పగిలి, లోపలి పండు రాలుతుంది. ఆ పండు తిన్నారా, ఒంటికి ఎక్కడలేని శక్తీ వస్తుంది. ఎంతసేపు? ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు. ఆ తర్వాత ఎవరి ఒళ్ళు వాళ్ళదే.

ఈ ఆట కట్టేది పొలుసుతాత. తాత ఒక అలుగు. అలుగు తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. పదిహేడు ఆటలూ తాత చేతుల మీదుగా వచ్చినవే. ఏ బండ ఎక్కడ పేర్చాలో, ఏ పండు ఏ బుర్రలో పెట్టాలో అంతా తాతే చూసేవాడు.

ఆటగాళ్ళు ఎప్పుడూ ఆరుగురే. కానీ ప్రతి అంచెలో బుర్రలు ఏడు ఉండేవి. ఏడోది తాతది. ఆట కట్టినవాడు అందరికన్నా వెనక నడవాలని కట్టుబాటు. ఎవరైనా జారిపడ్డారా, ఎవరి కాల్లోనైనా ముల్లు దిగిందా చూసుకుంటూ, పగిలిన పెంకులు ఏరుకుంటూ రావాలి. పాపం, తాతకు పెద్ద గెంతులు చేతకావు. ఆ ఏడో బుర్ర ఉంటేనే తాత అంచె దాటగలిగేది.

ఇక రివ్వి సంగతి. రివ్వి ఒక ముంగిస. రివ్వున దూకుతుందని తాతే ఆ పేరు పెట్టాడు. మొదటి గెంతు నేర్పిందీ తాతే. రివ్వికి ఆట ఆడటం ఇష్టం, కానీ ఆట కట్టడమంటే ప్రాణం. వాగు ఒడ్డున ఇసకలో పుల్లతో బండలు గీసేది, గెంతులు గీసేది, తాతను లాక్కొచ్చి చూపించేది.

తాత వంగి చూసి, "ఈ గెంతు మరీ దూరం పెట్టావే తల్లీ" అనేవాడు.

"నేను దూకగలను తాతా!"

"నువ్వు దూకుతావులే. నీ వెనక వచ్చేవాడు దూకగలడా? ఆట కట్టేటప్పుడు నీ కాళ్ళు కాదు, వాడి కాళ్ళు గుర్తుపెట్టుకోవాలి."

రివ్వి మూతి ముడుచుకుని, తోకతో ఇసక చెరిపేసి, మళ్ళీ గీసేది.

ఆ ఏడు ఆట మొదలయ్యే పొద్దున తాత అందరినీ పిలిచాడు. "నా గోళ్ళు అరిగిపోయాయర్రా. ఇక బండలు జరపలేను. ఈసారి ఎవరు గెలిస్తే, వచ్చే ఏటి ఆట వాళ్ళు కడతారు" అన్నాడు.

రివ్వి ఉన్నచోటే ఒక్క గెంతు గెంతింది. ఇంకేం కావాలి తనకు? పుట్టిన దగ్గర్నుంచీ కోరుకున్నది అదే.

"మూడో అంచె కొత్తది" అని తాత చెప్పుకుపోతున్నాడు. "వాగు మధ్యన నడిబండ ఉంది కదా, అక్కడిదాకా రాళ్ళ మీద నడిచిపోవచ్చు. నడిబండ నుంచి అవతలి గట్టుకు ఎవరి కాళ్ళకూ అందని దూరం. అందుకని నడిబండ మీద తెల్లపండు పెట్టాను. అది తింటే ఒళ్ళు దూదిలా తేలిపోతుంది. తేలుతూ గట్టుకు చేరి, అక్కడి నుంచి కొన ఎక్కాలి. ఆ చెట్టు ఏడాదికి ఏడంటే ఏడే కాసింది. ఒక్కొక్కరికి ఒక్కటే, గుర్తుంచుకోండి."

"ఇవేం ఆటలర్రా!" అని ఎలుగుబంటి బొంతయ్య గొణిగాడు. "మూడో ఆటే ఆట. పండ్లూ లేవు, తేలడాలూ లేవు, ఉత్త కాళ్ళతో ఆడాం!" ఏటా ఇదే పాట ఆయనది. ఏటా అందరికన్నా ముందు కొన ఎక్కి మంచి చోటు చూసుకుని కూర్చునేదీ ఆయనే.

ఆట మొదలైంది.

మొదటి అంచెలో ఎర్రపండు. అది తింటే ఒళ్ళు మూడింతలవుతుంది. రివ్వి బుర్ర కొట్టింది, పండు తింది, దారికి అడ్డంగా ఉన్న గుండురాయిని ఒక్క తోపు తోసి అవతల పడింది. అందరికన్నా తనే ముందు. వెనక్కి చూస్తే ఇంకా ఆరు బుర్రలు వేలాడుతున్నాయి. వాటి జోలికి పోలేదు.

రెండో అంచెలో పచ్చపండు. అది తింటే కాళ్ళు బల్లి కాళ్ళలా గోడకు అతుక్కుంటాయి. రివ్వి నిట్టనిలువు బండ ఎక్కుతూ ఎక్కుతూ, తొందరలో అంకెలు లెక్కపెట్టడం మరిచిపోయింది. ఇరవై దాటాయి. సర్రున జారి కిందపడింది. మళ్ళీ ఎక్కాలంటే ఉత్త కాళ్ళతోనే ఎక్కాలి. తల పైకెత్తి మిగిలిన బుర్రల వంక చూసింది. చెయ్యి దాకా వచ్చిన ఆలోచనను ఎలాగో అణుచుకుంది. గోళ్ళు ఊడేలా పాకుతూ, ఎలాగోలా ఎక్కింది. ఈలోగా పునుగుపిల్లి జవ్వాది దాదాపు పక్కకు వచ్చేసింది.

మూడో అంచె. రివ్వి రాళ్ళ మీద గెంతుతూ నడిబండ చేరింది. ఏడు బుర్రలూ కళ్ళముందే ఉన్నాయి. ఎగిరి ఒకటి కొట్టింది. తెల్లపండు నోట్లో వేసుకుంది.

వెనక మలుపులోంచి జవ్వాది గొంతు వినిపించింది. "రివ్వీ! వస్తున్నా కాసుకో! గట్టు ఎక్కడంలో నన్ను మించేవాళ్ళు లేరు!"

నిజమే. గట్టు నుంచి కొన దాకా నిలువునా ఎక్కడమే. ఎక్కడంలో జవ్వాదిదే పైచేయి. రివ్వి లెక్క వేసుకుంది. ఒక్క పండుతో గట్టు వరకే తేలగలదు. రెండు తింటే? నలభై అంకెలు. నేరుగా వెదురుగడ దగ్గరే దిగొచ్చు.

ఏడో బుర్ర పక్కనే ఊగుతోంది.

"తాత చుట్టుదారిన వస్తాడులే" అనుకుంది రివ్వి. "కింద రేవు దగ్గర మోకాలి లోతు నీళ్ళేగా. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వచ్చే ఏడు నేను కట్టే ఆట చూసి తాతే మురిసిపోతాడు."

చూశారా, తప్పు చేసేముందు ఎంత చక్కగా సర్దిచెప్పుకుందో! ఎగిరింది. నెత్తితో కొట్టింది. రెండో పండూ తినేసింది.

దూదిపింజలా గాల్లోకి లేచి, వాగు దాటి, గట్టు దాటి, నేరుగా కొన మీద దిగి వెదురుగడ ముట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బొంతయ్య కూడా, "ఆఁ, పర్వాలేదు" అన్నాడు.

ఒక్కొక్కరే వస్తున్నారు. జవ్వాది, కుందేలు, ఉడుత, అడవికోడి. చివరిగా ఉడుము వచ్చే సరికి నడిబండ మీద ఒక్క బుర్రే మిగిలింది. తాత తనది ముందే తీసి దాచుకుని ఉంటాడనుకుంది ఉడుము. అది కొట్టి వచ్చేసింది.

అప్పుడు ఎగువన ఉరిమింది.

వానలు వెనకపట్టాయనుకున్నారు కదా. ఎక్కడో ఎగువ కొండల్లో కుండపోత కురిసిందట. చూస్తుండగానే వాగు ఎర్రగా పొంగింది. అప్పటికి పొలుసుతాత పెంకులు ఏరుకుంటూ, ఎప్పటిలా నెమ్మదిగా, నడిబండ మీదికి చేరాడు. తాత వెనక నడిచొచ్చిన రాళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలో మునిగిపోయాయి. కింద రేవు ఎప్పుడో మునిగింది. చుట్టుదారి లేదు, వెనకదారి లేదు. ఇక దాటాలంటే ఏడో బుర్ర ఒక్కటే దిక్కు.

తాత తల పైకెత్తాడు. తీగ ఖాళీగా ఊగుతోంది.

"తాతా! పండు తిను! తొందరగా!" అని కొన మీంచి అందరూ అరిచారు. రివ్వి ఒక్కటే అరవలేదు.

తాత వంగి నడిబండ మీద పడున్న పెంకులు చూశాడు. రెండు బుర్రల పెంకులు తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. రెంటికీ ముంగిస వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తాత మెల్లగా తలెత్తి, కొన మీద నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, రివ్వి దగ్గర ఆగాడు.

తాత ఆ రెండు పెంకులనూ వాగులోకి విసిరేశాడు.

"నా పండు నేను తినేశానర్రా!" అని గట్టిగా కేకేశాడు. "ముసలి ఒళ్ళు, బరువెక్కిపోయింది. తేలలేదు. ఎవరి తప్పూ లేదు. ఎవరూ కిందికి దిగొద్దు!"

దిగకుండా ఉంటారా? జవ్వాది, ఉడుతా పొడుగాటి తీగ తెంపి విసిరారు. తీగ సగం దూరం కూడా రాలేదు. బొంతయ్య గట్టు దిగి నీళ్ళలోకి దూకాడు. అంతటి ఎలుగుబంటినీ వాగు ఎత్తి ఒడ్డుకు కొట్టింది. అప్పుడు రివ్వి, "తాతా!" అంటూ పరుగెత్తుకొచ్చి గట్టు అంచు నుంచి దూకబోయింది. బొంతయ్య దాని మెడ పట్టుకుని వెనక్కి లాగాడు. అది గింజుకుంది, కరిచింది, ఏడ్చింది. బొంతయ్య వదల్లేదు.

నడిబండ మీద తాత చిన్న బంతిలా చుట్టుకున్నాడు. నీళ్ళు బండను కప్పేశాయి.

మర్నాడు వాగు తగ్గింది. నడిబండ పగుల్లో ఒకే ఒక్క పొలుసు దొరికింది. తాత దొరకలేదు.

అందరూ ఆ పొలుసు చుట్టూ కూర్చున్నారు. చివరికి జవ్వాదే కళ్ళు తుడుచుకుని, "తాత మాట ప్రకారం వచ్చే ఏటి ఆట రివ్వి కట్టాలి" అంది.

ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన తాత చెప్పకుండా పోయాడు. రివ్వి నోరు మూసుకుంటే చాలు, కోరుకున్నదంతా దానిదే.

రివ్వి లేచి నిలబడింది. "తాత పండు తాత తినలేదు. నేను తిన్నాను" అంది. "రెండు తిన్నాను. తాత నాకోసం అబద్ధమాడాడు." అంత మాటా అనేసి కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

జవ్వాది విసురుగా లేచి దూరంగా వెళ్ళిపోయింది. ఉడుత మొహం తిప్పుకుంది. "నన్ను అడవిలోంచి పంపెయ్యండి. ఆట జవ్వాది కడుతుంది" అంది రివ్వి.

బొంతయ్య దాని దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతి మీద రివ్వి పళ్ళగాటు ఇంకా పచ్చిగానే ఉంది.

"పోతే నీకు తేలికేనమ్మా" అన్నాడు. "పోవద్దు. ఆట నువ్వే కట్టు. తాత పదిహేడేళ్ళు నడిచినట్టే, అందరికన్నా వెనక నువ్వే నడువు."

ఏడాది గడిచింది. రివ్వి ఇసకలో గీతలు గియ్యలేదు. ఉడుము దగ్గరికెళ్ళి, "నీ కాలు ఎంతవరకు చాస్తావు?" అని అడిగింది. అడవికోడినీ, కుందేలునూ అలాగే అడిగింది. ఒంటరిగా రాళ్ళు మోసి వాగులోని దారి ఎత్తు పెంచింది. మొదటి నెల ఎవరూ సాయం రాలేదు. తర్వాత ఒకరోజు పొద్దున జవ్వాది వచ్చి ఒక రాయి ఎత్తింది.

తాత పెట్టిన చివరి అంచెను మాత్రం మార్చలేదు. తెల్లపండ్లు ఆ ఏడూ ఏడే కాశాయి. నడిబండ మీద ఏడు బుర్రలు కట్టింది. ఏడో బుర్ర తీగకు తాత పొలుసు కట్టింది.

పంతొమ్మిదో ఆట మొదలైంది. రివ్వి చోట కొత్తగా చేరిన కుర్ర ముంగిసతో కలిపి ఆరుగురూ పోటాపోటీగా పరుగెత్తారు. రివ్వి అందరికన్నా వెనక, పెంకులు ఏరుకుంటూ నడిచింది. దారిలో కుందేలు కాల్లో దిగిన ముల్లు తీసింది. నడిబండ దగ్గరపడే కొద్దీ దాని అడుగులు బరువెక్కాయి. 'ఉండదు' అనుకుంది. 'నేను ఉంచానా? నాకెవరు ఉంచుతారు?' అనుకుంది.

నడిబండ ఎక్కి తలెత్తింది.

ఏడో బుర్ర తాత పొలుసుతో సహా తీగకు వేలాడుతోంది. ఎవరూ ముట్టలేదు.

కొన మీద ఆరుగురూ నిలబడి చూస్తున్నారు. వెదురుగడ ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఎవరు గెలిచారో తేల్చకుండా, వెనక వచ్చేవాళ్ళ కోసం ఆగారు.

"రా అమ్మా" అని బొంతయ్య పిలిచాడు. "నీ బుర్ర నీకే ఉంది."

రివ్వి ఎగిరి కొట్టింది. పండు రాలింది. దాన్ని దోసిట్లో పట్టుకుని, తినలేక తినలేక, ఏడుస్తూ తిని, వాగు దాటింది.

నీతి: మన వెనక వచ్చేవాళ్ళ కోసం ఉంచింది మనకు మిగులు కాదు. అది తీసుకుని గెలిచిన గెలుపు మనల్ని జీవితాంతం ఏడిపిస్తుంది.