ఎంగిలి దోషం లేని ఇలకూరమ్మ

ఉప్పుటేరు దాటి పడమటి గట్టెక్కగానే కనుచూపు మేర పర్ర కనిపిస్తుంది. వేసవిలో ఉప్పు తేలి తెల్లబడే ఈ చవిటినేలలో వరి మొలవదు, తుమ్మ కూడా మనసుపెట్టి పెరగదు. మోకాలెత్తు ఇలకూర పొదలు మాత్రం గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి ఆనుకొని నిలుస్తాయి. చలికాలంలో అవి కుంకుమ రంగుకు తిరుగుతాయి. ఆ పొదల నడుమ ఉన్న నల్లరాయే శ్రీ ఇలకూరమ్మ తల్లి. గోపురం కోసం వెతికే యాత్రికులు ఆమెను దాటి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి రావడం మామూలే. తల్లి నవ్వుకుంటుందే గాని కోపగించదు.

ఈ సన్నిధిలోని ఒక ఆచారం కొత్తవారిని కంగారు పెడుతుంది. ఎక్కడైనా నైవేద్యాన్ని ఎంగిలి కానివ్వరు. ఇక్కడ మాత్రం వండినవారు ముందుగా రుచి చూడాలి. రుచి చూడని వంట ఈ తల్లికి పనికిరాదు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, దారి లేదు. మెట్టలో వానలు ముఖం చాటేయగా బొల్లయ్య అనే గొర్రెలకాపరి తల్లి నాగేలమ్మతో, భార్య ఆదెమ్మతో మందను తోలుకొని ఈ పర్రకు చేరాడు. దారిలోనే నాగేలమ్మకు జ్వరం పట్టుకుంది. అడుగు వేయలేని తల్లిని, ఆమెకు తోడుగా ఆదెమ్మను ఈ నల్లరాతి పక్కన చిన్న గుడిసెలో ఉంచి, మేత వెతుక్కుంటూ అతడు మందతో ఉత్తరంగా వెళ్లాడు. నడవలేని చూడి గొర్రె ఒకటి వాళ్ల దగ్గర మిగిలింది.

ఆదెమ్మకు కన్నతల్లి ఊహ తెలియకముందే పోయింది. ఆమెకు తల దువ్వి జడ వేసిన మొదటి చేయి అత్తగారిదే. అందుకే జొన్నలు నిండుకున్న రోజున ఆమెకు తన ఆకలి గుర్తు రాలేదు. అత్త కూడా పోతే తాను మళ్లీ తల్లి లేనిదాన్నవుతానన్న భయమే ఆమె గుండెను పట్టుకుంది.

చుట్టూ తినదగినదేదీ కనిపించలేదు. చూడి గొర్రె మాత్రం ఇలకూర చిగుళ్లు నములుతూ నిక్షేపంగా ఉంది. గొర్రెకు పడినది మనిషికి పడదా అనుకొని ఆదెమ్మ ఒడినిండా చిగుళ్లు కోసింది. దూరాన ఇసుకదిబ్బల్లో చెలమ తవ్వి మంచినీళ్లు మోసుకొచ్చింది. మెట్ట పిల్ల కదా, కూరంటే ఉప్పు వేయాలనే ఆమెకు తెలుసు. మూటలో దాచుకున్న ఉప్పురాళ్లు వేసి వండింది. దేవతకు పెట్టకముందు నోట పెట్టకూడదని, రుచి చూడకుండానే నల్లరాతి ముందు ఒక ముద్ద ఉంచి మొక్కి, మిగిలింది అత్త నోటికి అందించింది.

నాగేలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగుందే తల్లీ" అంది. పెట్టిన ముద్దల్లా మింగింది. తర్వాత నీళ్లడిగింది. మళ్లీ అడిగింది. నీళ్ల కుండ ఖాళీ అయ్యాక, తిన్నదంతా కక్కుకొని సోలిపోయింది.

అప్పుడు ఆదెమ్మ అడుగున మిగిలిన కూర నోట పెట్టుకుంది. నాలుక భగ్గుమంది. అసలే ఉప్పునేలను పీల్చి పెరిగిన ఆకు, దాని మీద మళ్లీ ఉప్పు!

"అత్తా, దీన్ని ఎట్టా మింగావు? ఊసెయ్యొచ్చు గదా!"

"అంతెండలో కోసుకొచ్చి వండావు. బాగలేదని నీ మొగం మీద ఎట్టా అనేదే, పిచ్చిదానా" అంది నాగేలమ్మ.

ఆదెమ్మ నల్లరాతిని పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. "నీకు మర్యాద చెయ్యబోయి మా అత్తను చంపుకుంటున్నానమ్మా" అంటూ అక్కడే అలసటతో నిద్రలోకి జారింది. కలలో కుంకుమరంగు చీర కట్టిన ముసలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఉప్పు నేను ముందే వేశానే. చిగుళ్లు ఉడికించి ఆ నీళ్లు వంచెయ్యి. పైన రవ్వంత ఉప్పు కూడా వెయ్యబాక. నువ్వు తిని చూసి అప్పుడు నాకు పెట్టు. నీ ఎంగిలి నాకు మైల కాదు. ఆమె గొంతు మండిందే, అదే నాకు మంట."

ఆదెమ్మ లేచి మళ్లీ ఇసుకదిబ్బలకు పరుగెత్తింది. మళ్లీ చిగుళ్లు కోసి, ఉడికించి, నీళ్లు వంచేసింది. రుచి చూసింది. ఉప్పు కుదిరింది. తల్లికి నివేదించి అత్తకు పెట్టింది. నాగేలమ్మ మెల్లగా నమిలి, "ఈసారి నిజంగానే బాగుందే" అంది. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఆ కూరతోనే ఇద్దరూ ప్రాణాలు నిలుపుకున్నారు. బొల్లయ్య తిరిగి వచ్చేసరికి, పోతుందనుకున్న తల్లి గుడిసె ముందు కూర్చొని కోడలికి జడ వేస్తోంది.

నేటికీ మాఘమాసపు ఆదివారాల్లో కొత్త కోడళ్లు అత్తగార్లతో వచ్చి ఇక్కడ ఇలకూర వండుతారు. చిగుళ్లే గిల్లుతారు, మొక్కను పీకరు. వంచిన నీళ్లను చల్లార్చి పర్రకే ఇచ్చేస్తారు. ఆ కాపరి వంశంలోని పూజారమ్మ పళ్లెం అందుకోకముందు "రుచి చూశావా తల్లీ?" అని అడుగుతుంది. చూశానన్నాకే నివేదన.

ఈ ప్రసాదం తిన్నవారి ఇంట్లో, ఉప్పెక్కువైన కూరను బాగుందని తినేవారు ఒకరూ, ఆ మాట నమ్మకుండా తానూ నోట పెట్టి చూసేవారు ఒకరూ ఎప్పటికీ ఉంటారని భక్తుల నమ్మకం.