తల ఊపిన ముళ్లపంది

అనగనగా ఒక అడవిలో, మనుషులు వదిలేసిన బంగళా వెనకాల, ఒక టెన్నిస్ కోర్టు ఉండేది. జంతువులకు తగువు వస్తే అక్కడ ఆడి తేల్చుకునేవి.

ఆ ఏడు వానలు ముందే పట్టాయి. ముళ్లపంది పోతయ్య బొరియలోకి నీళ్ళు వచ్చాయి. పిల్లలు తడిసి వణికిపోతున్నారు. మిట్ట మీద పొడి గుహ ఒకటి ఖాళీగా ఉంది. అది నాకు కావాలని పోతయ్య అన్నాడు. కాదు నాకేనని నక్క గంగులు అన్నాడు. ముందు మూడు పాయింట్లు తెచ్చుకున్నవాడిదే గుహ అని పెద్ద కొంగ తీర్పు చెప్పింది. సర్వీసు, అంటే ప్రతి పాయింటునూ మొదలుపెట్టే దెబ్బ, పోతయ్యది.

ఇద్దరికీ ఆట కొత్తే. ఆట తెలిసిన దుప్పి నరసక్క పోతయ్యను కోర్టంతా తిప్పింది. చివరి గీత బేస్‌లైన్, దాన్ని తొక్కకుండా వెనక నిలబడి కొట్టాలంది. నెట్‌కు అవతల ఆనుకుని ఉన్న రెండు గడులు సర్వీస్ బాక్సులంది. బంతి ఐమూలగా ఉన్న బాక్సులో పడాలంది. తప్పితే ఫాల్ట్, ఇంకొక్క అవకాశం ఉంటుంది. అదీ తప్పితే డబుల్ ఫాల్ట్, పాయింటు పోతుంది. పాయింటు పాయింటుకీ పక్క మారాలంది.

"అర్థమైందా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ పోతయ్య తల ఊపాడు. ఏ బాక్సో బుర్రకెక్కలేదు. అడిగితే మొద్దు అనుకుంటుందని భయం.

ఆట మొదలైంది. పోతయ్య గీత తొక్కాడు. "ఫాల్ట్," అంది కొంగ. రెండోది తిన్నగా ఎదుటి బాక్సులోకి కొట్టాడు. అదీ ఫాల్టే. పాయింటు పోయింది. పక్క మారి మళ్ళీ తిన్నగానే రెండూ కొట్టాడు. రెండో పాయింటూ పోయింది. ఎందుకు తప్పో కొంగ చెప్పదు. గంగులు తిన్నగా ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు.

ఉరిమింది. గట్టు మీద పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. పోతయ్య మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఫాల్ట్. ఇక మిగిలింది ఒక్క సర్వీసు. పోతయ్య కొంగ దగ్గర సెలవు అడిగి, నరసక్క వైపు తిరిగి, అందరి ముందూ నోరు విప్పాడు.

"అక్కా, నాకేమీ అర్థం కాలేదు. ఏ బాక్సులో వెయ్యాలి?"

"ఏం బావా, ఆటకొచ్చావా, బడికొచ్చావా?" అన్నాడు గంగులు. అడవంతా నవ్వింది. నరసక్క నవ్వలేదు.

"నీ ఎదురుగా ఉన్నది కాదు తమ్ముడూ. దాని పక్కది."

ఆ మాట గంగులూ విన్నాడు. ఇంతసేపూ తను నిలబడిందీ తప్పు చోటే. కానీ అంత నవ్వు నవ్వి ఇప్పుడు ఎలా జరగడం? అక్కడే ఉండిపోయాడు.

పోతయ్య కొట్టాడు. బంతి నెట్‌ను తాకి అవతల పక్క బాక్సులో పడింది. "లెట్," అంది కొంగ. నెట్‌ను తాకి సరైన చోటే పడింది కాబట్టి మళ్ళీ కొట్టమంది. మళ్ళీ కొట్టాడు. బంతి ఐమూలగా వెళ్ళి పడింది. అక్కడ ఎవరూ లేరు, పాయింటు పోతయ్యదే. పక్క మారి కొట్టాడు. గంగులు మళ్ళీ తిన్నగా ఎదురుగానే నిలబడ్డాడు, బంతి పడ్డచోట అప్పుడూ ఎవరూ లేరు. చివరిసారి గంగులు ఉరికాడు గాని, అప్పటికే బంతి రెండుసార్లు నేలను తాకింది; మూడో పాయింటూ పోతయ్యదే.

పిల్లలు గుహలోకి పరుగెత్తారు. వాన దంచికొట్టింది. గంగులు తడుస్తూ కోర్టు గీతలకేసి చాలాసేపు చూశాడు. నరసక్క పక్కనుంచే వెళ్ళింది. అప్పుడు కూడా అతను అడగలేదు.

నీతి: తెలియకపోవడం తప్పు కాదు, తెలిసినట్టు తల ఊపడమే తప్పు.